డేగులో నా పేరుతో నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రం ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చింది. కొట్టాను, ఆకుపచ్చ టిక్కు పడింది. పదకొండు వారాలకి కొరియా దేశం నేను నేనేనని ఒప్పుకుంది. ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నా.

తొమ్మిదో తరగతి దాకా బెజవాడలో చదివి, ఆ తర్వాత అమ్మానాన్నలతో కెనడా వెళ్లినదాన్ని నేను. ఇప్పుడు దక్షిణ కొరియాలోని డేగు నగరంలో ఇంగ్లీషు టీచర్ని. ఇంగ్లీషు టీచర్లకిచ్చే ఇ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. నాది కెనడా పాస్‌పోర్టు, డిగ్రీ కూడా అక్కడిదే. ప్రభుత్వ బడుల ప్రోగ్రామ్‌కి మాత్రం ఏడో తరగతి నుంచీ అక్కడే చదివి ఉండాలన్నారు. అందుకని హాగ్వన్‌లో, అంటే సాయంత్రం ట్యూషన్ సెంటర్‌లో చేరాను.

కాగితాల పని తేలిగ్గానే అయింది. డిగ్రీ నకలు, పోలీసు రికార్డు, రెండిటి మీదా అపోస్టిల్ ముద్ర, అంటే ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లడానికి వేసేది. 2024 జనవరిలో కెనడా అపోస్టిల్ ఒప్పందంలోకి వచ్చాక కాన్సులేట్ చుట్టూ తిరిగే బాధ తప్పింది. వేలిముద్రలు తీసుకుని కెనడా జాతీయ పోలీసులు, అంటే ఆర్‌సీఎంపీ ఇచ్చే రికార్డే పనికొస్తుంది. ఊళ్లో పోలీసు స్టేషన్ కాగితం తెస్తే డబ్బు దండగ. నేను దండగ పెట్టాను.

దరఖాస్తుతో పాటు ఫోటో పంపాలి. ఒక ఏజెంటు ఫోన్‌లో నా ఇంగ్లీషు విని తెగ మెచ్చుకున్నాడు. ఫోటో చేరిన గంటకి మెయిల్: "తల్లిదండ్రులు వేరే రకం టీచర్‌ని ఆశిస్తున్నారు." ఆ వేరే రకం ఏమిటో చామనఛాయ వాళ్లకి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నాలుగో చోట తీసుకున్నారు. ఇప్పుడు ఆ సెంటర్లో నా బ్యాచ్ ఒక్కటే నిండిపోయి, పిల్లలు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఆ ఏజెంటుకి ఈ సంగతి తెలిస్తే బావుణ్ను.

డేగు వచ్చాక వైద్య పరీక్ష ఒక్క పూటలో అయిపోయింది. కింద నేల వెచ్చబడే వన్‌రూమ్ ఇచ్చారు. చెత్తకి డబ్బులు పెట్టి వార్డు సంచీ కొనాలి, అన్నం మెతుకులు వేరే డబ్బాలో వెయ్యాలి. వారంలో అలవాటైపోతుంది. కొరియా వాళ్లు డేగు ఎండ గురించి తెగ భయపెడతారు. బెజవాడలో మే నెల చూసినదాన్ని, నాకా చెప్పేది!

అసలు కథ నా పేరుతో మొదలైంది.

పాస్‌పోర్టులో నా పేరు ముక్కామల వెంకట నాగ సత్యవాణి. ఇంగ్లీషులో ఇరవై తొమ్మిది అక్షరాలు, మధ్యలో మూడు ఖాళీలు, వెరసి ముప్పై రెండు గడులు. కొరియా వాళ్ల పేరు చాలామందికి వాళ్ల లిపిలో మూడంటే మూడు అక్షరాలు. ఇంటిపేరు ముందుంటుంది, మనకిలాగే. ఆ ఒక్క పోలిక చూసి మొదట్లో సంబరపడ్డాను కూడా.

వచ్చిన తొంభై రోజుల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు తీసుకోవాలి. ఇమిగ్రేషన్ ఆఫీసుకి ముందే ఆన్‌లైన్‌లో టైమ్ తీసుకుని వెళ్తే, కొన్ని వారాలకి పదమూడంకెల నంబరుతో కార్డు వస్తుంది. నా కార్డు మీద పేరు మొత్తం పడింది. గండం గడిచిందనుకున్నా.

ఇక్కడ ఆన్‌లైన్‌లో ఏం కొనాలన్నా, ఏ యాప్‌లో చేరాలన్నా "బొనిన్ ఇన్‌జుంగ్" అని ఒకటుంటుంది. నువ్వు నువ్వేనని నీ ఫోన్ నంబరు సాక్ష్యం చెప్పాలి. పేరు, పుట్టినరోజు, నంబరు కొడితే, ఫోన్ కంపెనీ దగ్గరున్న పేరుతో పోల్చి చూస్తారు. అక్షరం పక్కకి జరిగినా చెల్లదు. నేను ఖాళీలతో కొట్టాను, ఖాళీల్లేకుండా కొట్టాను, ఇంటిపేరు వెనక పెట్టి కొట్టాను. ఐదోసారికి "రేపు ప్రయత్నించండి" అంది. ఆ రేపు రోజూ వచ్చింది.

తప్పు బ్యాంకులో ఉందేమో, సరిచేయిద్దామని వెళ్లాను. టోకెన్ తీసుకుని గంట కూర్చున్నాక కౌంటర్లో అమ్మాయి ఫారం ఇచ్చింది. పేరు రాసే చోట ఇరవై గడులున్నాయి. నాగ దగ్గరే గడులు నిండుకున్నాయి. మిగతాది మార్జిన్‌లో రాశాను. ఆమె చూసి, స్క్రీన్ చూసి, పక్కామెని పిలిచింది. ఆవిడ మేనేజర్‌ని పిలిచింది. ముగ్గురూ నా కార్డు మీదకి వంగి ఒక్కో ముక్కే పైకి చదవడం మొదలెట్టారు: "ము... కా... మల్... లా..." హాలంతా వినిపిస్తోంది. వెనక వరసలో మా క్లాసు పిల్లాడూ, వాళ్లమ్మా. వాడు లేచి నిలబడి మరీ చూస్తున్నాడు.

మేనేజర్ చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు: "టీచర్, ఇందులో మీ పేరు ఏది?"

ఏమని చెప్పను? ముక్కామల మా వాళ్ల ఊరు. వెంకట మా నానమ్మ కొండకి మొక్కుకున్నది. నాగ, పుట్టలో పాలు పోసి అమ్మ తెచ్చుకున్నది. సత్యవాణి ఒక్కటే నన్ను చూశాక పెట్టింది. ఇవన్నీ వచ్చీరాని కొరియన్‌లో చెప్పలేక "అంతా" అన్నాను. వెనక నుంచి మా వాడు గట్టిగా "బాని టీచర్!" అని అందించాడు.

హాలంతా గొల్లున నవ్వింది. కొరియన్‌లో ఇంగ్లీషు V శబ్దం లేదు. అందుకని వాణి బాని అవుతుంది. ఇంగ్లీషు బన్నీని, అంటే కుందేలుని, వాళ్లు బాని అనే పలుకుతారు. క్లాసులో పిల్లలు నాకు చెవులు పెట్టి బొమ్మలేస్తే ముద్దుగానే తీసుకున్నాను. వందమంది ముందు, ఇరవై గడుల్లో సొంత పేరు పట్టించలేక నిలబడ్డప్పుడు ముద్దనిపించలేదు. చెవులు కాలిపోయాయి. ఫారం అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. "నాగ తీసేస్తావా ఏంటే, మొక్కు అది!" అంది. తల్లులకో మనవి. మొక్కులు ఎన్నైనా మొక్కుకోండి, పాస్‌పోర్టులో మాత్రం రెండు ముక్కలు మించనివ్వకండి.

దారి చూపించింది మా సెంటర్లో లెక్కల టీచర్. ఆవిడని సొన్‌సేంగ్‌నిమ్ అంటాను. సొన్‌సేంగ్ అంటే టీచర్, నిమ్ అంటే మన గారు లాంటిదే. "మీ పేరేంటో మీరు చెప్పకండి, వాళ్ల దగ్గర ఏముందో కాగితం మీద అడగండి" అంది. ఇద్దరం ఫోన్ షాపుకి వెళ్లాం. ప్రింటు తీస్తే తేలింది: మొదట పాస్‌పోర్టుతో సిమ్ తీసుకున్న రోజు షాపు కుర్రాడు ఖాళీలు ఎగరగొట్టి, వెంకటలో ఒక అక్షరం కూడా మింగేశాడు. ఇన్ని వారాలూ నేను స్పెల్లింగు సరిగ్గా రాయబట్టే తప్పయింది! కార్డు చూపించి దాని ప్రకారం దిద్దించాం. బ్యాంకుకి మర్నాడు మధ్యాహ్నం, రద్దీ లేని వేళ చూసి వెళ్లాం. వచ్చేవాళ్లు కార్డు చేతికందిన రోజే ఈ రెండు చోట్లా తమ పేరు ఎలా పడిందో ప్రింటు అడిగి తీసుకోండి. వాళ్లు విసుక్కుంటారు, పట్టించుకోకండి. భాష రాకపోతే ఇమిగ్రేషన్ వాళ్ల 1345కి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో మాట్లాడతారు.

నిన్న టిక్కు పడగానే మొట్టమొదట కందిపప్పు ఆర్డరిచ్చాను. పొద్దున తలుపు దగ్గర డబ్బా ఉంది. చీటీ మీద "ముక్కామలవెంకటనా" అని పడి ఆగిపోయింది. సినిమా టికెట్ల యాప్ ఇంకా నన్ను నమ్మట్లేదు. ఈ ఆదివారానికి కౌంటర్లోనే కొనుక్కుంటా.