ఎంఫిసీమా: త్రాసు బొమ్మ దగ్గరే ఆగిపోకండి

ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు చెడి, ఆ గదులు శాశ్వతంగా ఉబ్బిపోయే జబ్బు ఎంఫిసీమా. మెడికల్ పీజీ ఎంట్రన్స్‌కి చదివేటప్పుడు ఈ టాపిక్‌ని చాలామంది ఒక్క త్రాసు బొమ్మతో ముగించేస్తారు. ఒక పళ్ళెంలో ప్రోటియేజులు (ప్రోటీన్లను నరికే ఎంజైములు), ఇంకో పళ్ళెంలో వాటిని అడ్డుకునే యాంటీప్రోటియేజులు. అది సగం కథే. ఊపిరితిత్తికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్ ఎలాస్టిన్, అది తెగితే మళ్ళీ ఎందుకు అతకదన్నది మిగతా సగం. మార్కులు జారిపోయేది ఎక్కువగా అక్కడే.

ముందు ఎంజైములు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం వదిలే ఎలాస్టేజ్ సెరీన్ ప్రోటియేజ్, దానికి విరుగుడు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. మాక్రోఫేజ్ అనే రక్షక కణం వదిలే ఎంఎంపీ-12కి (మాట్రిక్స్ మెటలోప్రోటియేజ్ రకం) విరుగుడు టింప్‌లు, అంటే ఎంఎంపీలను అడ్డుకునే ప్రోటీన్లు. ఈ జతలు తారుమారు చేసే ఆప్షన్ తరచూ ఎర. పైగా ఎలాస్టేజ్ టింప్‌ని నరుకుతుంది, ఎంఎంపీలు యాంటీట్రిప్సిన్‌ని నరుకుతాయి. అంటే ఒకదానికి కాపలా పోయేలా రెండోది చూసుకుంటుంది.

యాంటీట్రిప్సిన్‌ని ఎలకల బోనులా ఊహించుకోండి. ఎర 358వ స్థానంలోని మెథియోనిన్. ఎలాస్టేజ్ వచ్చి కొరకగానే బోను మూసుకుంటుంది, ఎంజైము ఇక బయటపడదు. సిగరెట్ పొగ ఆ మెథియోనిన్‌ని ఆక్సీకరిస్తే బోను ఉన్నా ఎర పనిచేయదు. పొగ తాగేవాళ్ళలో రక్తంలో యాంటీట్రిప్సిన్ నార్మల్‌గా ఉన్నా ఊపిరితిత్తి దెబ్బతినడానికి ఇదొక కారణం.

పీఐజెడ్‌జెడ్‌లో, అంటే యాంటీట్రిప్సిన్ జన్యువు రెండు ప్రతులూ లోపమున్న జెడ్ రకమైనవాళ్ళలో, సంగతి వేరు. 342లో గ్లుటమేట్ బదులు లైసీన్ చేరి, ప్రోటీన్ కాలేయ కణంలోనే గొలుసులుగా పేరుకుపోతుంది. కాలేయం చెడేది పేరుకుపోవడం వల్ల, ఊపిరితిత్తి చెడేది అందకపోవడం వల్ల. అందుకే ప్రోటీనే తయారుకాని నల్-నల్ రకంలో ఎంఫిసీమా వస్తుంది, ఈ కాలేయ జబ్బు రాదు. ఈ తేడా అర్థమైతే బట్టీ అక్కర్లేదు.

ఇక మరమ్మతు. ఫైబ్రోబ్లాస్ట్ అనే కణం ట్రోపోఎలాస్టిన్‌ని (ఎలాస్టిన్ ముడిసరుకు) వదులుతుంది, అది ఫైబ్రిలిన్ పోగుల మీద పేరుకుంటుంది, రాగి అవసరమైన లైసిల్ ఆక్సిడేజ్ లైసీన్లను ముడివేస్తుంది. నాలుగు లైసీన్లు కలిసిన ముడే డెస్మోసీన్, అది దాదాపు ఎలాస్టిన్‌లోనే ఉంటుంది. ఎలాస్టిన్ తెగితే అది మూత్రంలో కనిపించేది అందుకే.

హామ్‌స్టర్ల ఊపిరితిత్తుల్లోకి ఎలాస్టేజ్ పంపిన ప్రయోగాన్ని మాత్రం నిదానంగా చదవండి. ఎలాస్టిన్ మొదట బాగా పడిపోతుంది, కొన్ని వారాల్లో దాదాపు మామూలు మోతాదుకు వస్తుంది. గాలి గదులు మాత్రం ఉబ్బే ఉంటాయి! సరుకు తిరిగొచ్చింది, అల్లిక రాలేదు. లైసిల్ ఆక్సిడేజ్‌ని అడ్డుకుంటే ఉబ్బు ఇంకా పెరుగుతుంది. కాబట్టి ‘ఎలాస్టిన్ మొత్తం ఎప్పుడూ తక్కువే’ అన్న ఆప్షన్‌ని అనుమానించండి.

తెగిన ఎలాస్టిన్ ముక్కలూ ఊరుకోవు, రక్తంలోని మోనోసైట్లనే తెల్ల కణాలను పిలుస్తాయి. వచ్చినవి మాక్రోఫేజ్‌లై మళ్ళీ ఎంఎంపీ-12 వదులుతాయి. పొగ మానేసినా మంట (ఇన్‌ఫ్లమేషన్) వెంటనే ఆరకపోవడానికి ఇదీ ఒక దారి.

ఎంఫిసీమా నిర్వచనంలో ‘స్పష్టమైన ఫైబ్రోసిస్ (మచ్చకట్టడం) లేకుండా’ అంటారు కదా, అక్కడ ‘స్పష్టమైన’ అన్న మాటకి గీత పెట్టుకోండి. గోడలకి గట్టిదనం ఇచ్చే ప్రోటీన్ కొల్లాజెన్ కూడా తెగుతుంది, మళ్ళీ పేరుకుంటుంది, కొన్ని గోడల్లో మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. ‘కొల్లాజెన్‌కి ఏమీ కాదు’ అని టిక్ పెడితే రావలసిన నాలుగు మార్కులు పోయి, పైన ఇంకొకటి పోతుంది.