ముప్పై ఒక్క సెంట్ల ఖాతా

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో దిగిన కొత్తలో మావాళ్లు చెప్పిన మొదటి జాగ్రత్త డౌన్‌టౌన్ వైపు ఇల్లు చూడొద్దని. షార్ట్ పంప్, గ్లెన్ ఆలెన్ వైపు తీసుకో, మనవాళ్లంతా అటే, గుడి దగ్గర, ఇండియన్ స్టోర్లు దగ్గర అన్నారు. అటెందుకు వద్దు అనడిగితే, తెలుగు ముక్క ఎవరికీ అర్థం కాని ఆఫీసు క్యాంటీన్‌లో కూడా గొంతు తగ్గించి "అటంతా నల్లోళ్లు" అన్నారు. నేనూ తలూపాను. ఎందుకు ఊపానో ఇప్పుడు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.

నా పని ఒక బ్యాంకుకి లోన్ల సాఫ్ట్‌వేర్ రాయడం, కాంట్రాక్టు మీద. రోజూ ఐ-95 అనే హైవే మీద వెళ్లేవాణ్ని. టెస్టింగ్ టీమ్‌లో ఒక పెద్దావిడ, రిచ్‌మండ్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, ఒక ఫిబ్రవరిలో భోజనాల దగ్గర నవ్వుతూనే అంది, నువ్వు రోజూ మా నాయనమ్మ ఇంటి మీదుగా ఆఫీసుకి వస్తున్నావు తెలుసా అని. జోకనుకున్నాను. 1950లలో ఆ హైవే వేసినప్పుడు జాక్సన్ వార్డ్ అనే పేట నడిమధ్యలోంచి కోసుకుంటూ పోయింది, వందల ఇళ్లు కూల్చారు, వాటిలో వాళ్లదొకటి. రెండేళ్లు ఆ రోడ్డు మీద తిరిగాను, నాకు తెలిసింది అక్కడ ట్రాఫిక్ ఆగుతుందని మాత్రమే.

ఆ వారమే ఆవిడ నన్ను ఈస్ట్ లీ స్ట్రీట్‌లో 110½ నంబరు ఇంటికి తీసుకెళ్లింది. మ్యాగీ వాకర్ ఇల్లు, 1978 నుంచి జాతీయ చారిత్రక స్థలం. అమెరికాలో బ్యాంకు పెట్టి దానికి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి మహిళ అని బోర్డు మీద ఉంది. సరే, ఫిబ్రవరి కదా, అమెరికాలో నల్లజాతి చరిత్ర నెల, ఇలాంటివి ఆఫీసు ఈమెయిళ్లలో రోజుకొకటి వస్తాయి. నన్ను పట్టుకుంది అది కాదు. మ్యాగీ తల్లి ఒకప్పుడు బానిస, తర్వాత తెల్లవాళ్ల బట్టలు ఉతికి పిల్లల్ని సాకింది, ఈ పిల్ల ఉతికిన బట్టలు ఇంటింటికీ మోసుకెళ్లి ఇచ్చేది. నోట్లో వెండి చెంచాతో కాదు, నెత్తిన బట్టల బుట్టతో పుట్టినదాన్ని అని తన గురించి తనే చెప్పుకునేదట. మా అమ్మమ్మ కావలి దగ్గర ఊళ్లో ఇంటింటికీ తిరిగి మూట నెత్తిన పెట్టుకుని రేవుకెళ్లేది. ఈ సంగతి ఇక్కడ మన పార్టీల్లో నేను ఎప్పుడూ చెప్పలేదు. "మీ నాన్నగారేం చేస్తారు" అంటే "బిజినెస్" అనేవాణ్ని. ఇస్త్రీ బండి బిజినెస్సే కదా.

ఆ ఇంట్లో చెప్పిన లెక్కలు ఇంకా గుర్తున్నాయి. 1899లో సెయింట్ లూక్ సంఘం ఆవిడ చేతికొచ్చేసరికి ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు. మనిషి జబ్బు పడితే, చనిపోతే ఆదుకోవడానికి సభ్యులు తలా కొంచెం వేసుకునే సంఘం అది. చాకలి పని, వంట పని చేసే ఆడవాళ్లు, పొగాకు ఫ్యాక్టరీ కూలీలు, ఇలాంటివాళ్లే ఎక్కువ. 1903 నవంబర్ 2న ఆ సంఘం తరఫున సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ తెరిచారు. మొదటి రోజు 280 మంది డబ్బు వేశారు. వాళ్లలో ఒకరు తెచ్చుకున్నది 31 సెంట్లు, అంతే. దానికీ ఖాతా తెరిచారు.

అసలు కష్టం ఎక్కడుందంటే, డబ్బు లేకపోవడం ఒకటే కాదు, బ్యాంకు అంటేనే జనానికి భయం. బానిసత్వం పోయాక 1865లో ప్రభుత్వం చట్టం చేసి విముక్తుల కోసం ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ అని పెట్టించింది. ఆఖర్లో దాని అధ్యక్షుడిగా, తనూ బానిసగా పుట్టి బానిసత్వం మీద పోరాడిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ని కూర్చోబెట్టారు, ఆయన వచ్చేసరికే లోపలంతా ఖాళీ. 1874లో మూతపడితే 61 వేల మందికి పైగా దాదాపు 30 లక్షల డాలర్లు ఇరుక్కుపోయాయి. మన ఊళ్లలో చీటీలవాడు రాత్రికి రాత్రి పారిపోయాడంటే పదేళ్లు చెప్పుకుంటామే, అలాంటిది ఒక జాతి మొత్తానికి జరిగింది. అప్పటికి మ్యాగీకి పదేళ్లు. అలా దెబ్బ తిన్న జనం దగ్గరికి వెళ్లి మీ పైసలు మళ్లీ నా చేతిలో పెట్టండి అని అడగడానికి ఎంత ధైర్యం కావాలి! పిల్లలకి చిన్న అట్ట డబ్బాలిచ్చి, వంద పెన్నీలు, అంటే ఒక్కో సెంటు నాణేలు, నిండితే ఖాతా తెరిపించేవాళ్లు. 1920 నాటికి ఆ బ్యాంకు అప్పులతో నల్లజాతి కుటుంబాలు దాదాపు 600 ఇళ్లు కొనుక్కున్నాయి.

అన్నీ గెలుపులేమీ కాదు. 1905లో పెద్ద దుకాణం పెట్టారు, తెల్ల వ్యాపారులు కక్ష కట్టారు, సొంత జనం కూడా తెల్లవాళ్ల షాపులకే పోతుంటే మ్యాగీ మండిపడింది, మనల్ని తినే సింహానికి మనమే మేత వేస్తున్నామని. ఏడేళ్లు కూడా నడవలేదు. 1930లలో ఫెడరల్ మ్యాపుల్లో జాక్సన్ వార్డ్‌కి ఎర్ర రంగు వేశారు, అంటే అక్కడ ఇంటికి లోనిస్తే డబ్బు పోయినట్టే అని. నేను వచ్చిన కొత్తలో క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పు తీసుకుని తీర్చిన రికార్డు, లేదని క్రెడిట్ కార్డు ఇవ్వకపోతే, 500 డాలర్లు డిపాజిట్ కట్టి తీసుకోవాల్సి వస్తే, వారం రోజులు ఆఫీసంతా తిరిగి ఏడ్చాను. ఆ పెద్దావిడకి కూడా చెప్పుకున్నాను. ఆవిడ ఓపిగ్గా విన్నది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఇప్పటికీ నేను రాసే లోన్ల ప్రోగ్రాములో జిప్ కోడ్, అంటే మన పిన్ కోడ్ లాంటిది, అడిగే గడి కనిపిస్తే ఆ ఎర్ర రంగు గుర్తొచ్చి ఒకసారి ఆగుతాను. హైవేకి అటువైపు తెగిపోయిన ముక్కలో గిల్పిన్ కోర్ట్ ఉంది, ప్రభుత్వ ఇళ్ల సముదాయం, నగరంలో బాగా పేదవాళ్లు ఉండేచోట్లలో ఒకటి. ఒక బ్యాంకుతో పేదరికం పోలేదు. మ్యాగీ కట్టినదాన్ని తర్వాత రోడ్డు వేసి కోశారు కూడా. ఇంకో మాట, 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే, మనం వచ్చిన తలుపు అది. మన "అటంతా" గాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి వచ్చినప్పుడు రోజుకి రూపాయి దాచిన ఆడవాళ్లలో మా అమ్మ ఒకతె. మా ఇస్త్రీ బండి గ్రూపు అప్పుతో కొన్నదే. గోడకి కొట్టిన మేకుకి ఆ పాస్‌బుక్ చాలా ఏళ్లు వేలాడేది. మ్యాగీ వాకర్ కథంతా చెప్పాను, విగ్రహం కూడా పెట్టారమ్మా 2017లో, కంచు విగ్రహం, పది అడుగులు అన్నాను. విగ్రహం సంగతి పట్టించుకోలేదు.

"వడ్డీ ఎంత తీసుకునేదంట?"

తెలీదమ్మా అన్నాను.

"సంఘంలో చదువు రానోళ్లు కూడా ఉంటారు గదా, మరి లెక్కలు ఎవరు చదివి వినిపిచ్చేవాళ్లు? అది కనుక్కో అబ్బయా. మా లీడరు రెండు నెలలు చదవకపోతే మేం ఊరుకోలా."

సోమవారం టెస్టింగ్ టీమ్ దగ్గరికి వెళ్లి ఆవిడని అదే అడిగాను. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని, మీ అమ్మ ఏ బ్యాంకులో పనిచేసింది అంది.

"ఇస్త్రీ చేసేది," అన్నాను.