అక్క కోసం సింగపూర్ నుంచి తెచ్చిన ఫోను

2009 ఆగస్టులో నేను సింగపూర్ వెళ్ళింది ఒకే ఒక్క ఫోను కోసం. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. ఊరు చూడలేదు. ఆఫీసులో చాలామంది, ఫోను కోసం విమానం ఎక్కుతారా అని అడిగారు. ఎక్కాను. మా అక్కకు ఐఫోన్ 3జీఎస్ కావాలి, అది అప్పటికి మన దేశానికి రాలేదు.

అక్కకు పదహారో ఏట రేచీకటి మొదలైంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు డాక్టరు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, ముప్పై దాటేసరికి వెలుతురుకూ చీకటికీ ఉన్న తేడా మాత్రమే మిగిలింది. మద్రాసులో, పారీస్ కార్నర్ దగ్గర ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసేది. పెరంబూరు నుంచి రోజూ బస్సు. చేతిలో నోకియా ఫోను, అందులో తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్స్ అనే సాఫ్ట్‌వేర్. 5 అంకె మీద ఉండే చిన్న బుడిపె ఆమెకు ఆధారం. వేలు అక్కడ ఆనితే చాలు, మిగతా మీటలన్నీ ఎక్కడున్నాయో చేతికి తెలిసిపోయేవి.

2008 ఆగస్టులో ఐఫోన్ 3జీ ఇక్కడి దుకాణాల్లోకి వచ్చింది. 8 జీబీది 31,000 రూపాయలు. నా స్నేహితుడు కొని, మా ఇంటికి తెచ్చి చూపించాడు. అక్క కూడా చేతిలోకి తీసుకుంది. ముందు వైపంతా నున్నటి గాజు, కింద ఒకే ఒక్క మీట. వేళ్ళతో రెండు మూడు సార్లు తడిమి తిరిగి ఇచ్చేసింది. "ఇందులో నాకేమీ లేదురా," అంది. ఆ మాట కన్నా ఆ తర్వాత అడిగిన ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఇక ముందు అన్ని ఫోన్లూ ఇలాగే వస్తాయా?" వస్తాయని నాకు తెలుసు. చెప్పలేదు.

2009 జూన్ 8న కొత్త ఐఫోన్ 3జీఎస్‌ను ప్రకటించారు. మూడు మెగాపిక్సెళ్ళ కెమెరా, పెరిగిన వేగం, దిక్సూచి, వీటి గురించే అందరూ రాశారు. ఆ వివరాల్లో ఎక్కడో ఒక మూల వాయిస్‌ఓవర్ అన్న మాట ఉంది. గాజు మీద వేలు ఎక్కడ ఆనితే అక్కడున్నది పైకి చదివి వినిపిస్తుంది. తెరిచేందుకు రెండుసార్లు తట్టాలి. వేలిని కుడికి విసిరితే తర్వాతి అంశానికి వెళుతుంది. 21 భాషల్లో మాట్లాడుతుంది. తెలుగు లేదు, అయినా అక్కకు ఇంగ్లీషు చాలు. పాత 3జీలో మాత్రం అది పనిచేయదు. ఆ పేజీ రెండుసార్లు చదివి లేచి, బండి తీసుకుని పెరంబూరు వెళ్ళాను.

ముందు బర్మా బజార్‌లో వెతికాను. బీచ్ స్టేషన్ ఎదుట వరుసగా ఉన్న ఆ చిన్న దుకాణాల్లో విదేశీ సరుకు ఏదైనా దొరుకుతుందని మద్రాసులో అందరికీ నమ్మకం. అక్కడున్నవి అమెరికా ఫోన్లు. అమెరికాలోని ఒకే కంపెనీ సిమ్‌కు కట్టుబడి ఉండేవి. తాళం విప్పి ఇస్తామన్నారు కానీ, సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ తాళం పడుతుందన్న భయం ఉంది. అక్క బస్సులో ఒంటరిగా ఉన్నప్పుడు ఫోను మూగపోకూడదు. సింగపూర్‌లో అమ్మే ఫోన్లకు ఆ తాళం ఉండదు. అందుకే సింగపూర్.

ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాలో, పై అంతస్తులో ఒక చిన్న దుకాణంలో దొరికింది. 1,180 సింగపూర్ డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 39,000 రూపాయలు. ఎందుకు కొంటున్నానో చెప్పాను. ఆ దుకాణదారు వాయిస్‌ఓవర్‌ను ఎప్పుడూ వినలేదట. సెట్టింగుల్లో ఇద్దరం కలిసి వెతికి పట్టుకున్నాం. ఫోను మాట్లాడిన క్షణంలో ఆయన పక్క దుకాణం వాళ్ళను కూడా పిలిచారు.

ఆ రాత్రి లిటిల్ ఇండియాలోని గదిలో కళ్ళు మూసుకుని సాధన చేశాను. అక్కకు నేర్పాలంటే ముందు నా వేళ్ళకు రావాలి. ఒకసారి మూడు వేళ్ళు కలిపి మూడుసార్లు తట్టినట్టున్నాను, తెర నల్లబడిపోయింది. గుండె జారిపోయింది. కానీ వేలు కదిపితే గొంతు వినిపిస్తూనే ఉంది. అరగంట వెతికితే తెలిసింది, అది స్క్రీన్ కర్టెన్. చూపు లేనివారికి తెర వెలుగుతో పని లేదు కనుక, కావాలనే ఆర్పుకునే ఏర్పాటు. అంత దూరం ఆలోచించి చేసిన వస్తువు చేతిలో ఉందనిపించి, చాలాసేపు నిద్ర పట్టలేదు.

మీనంబాక్కం విమానాశ్రయంలో, సుంకం కట్టాల్సినవాళ్ళు వెళ్ళే రెడ్ ఛానెల్‌కు వెళ్ళాను. అప్పట్లో మూడు రోజులు లేదా అంతకన్నా తక్కువ ఉండి వచ్చేవారు సుంకం లేకుండా తెచ్చుకునే సామాను పరిమితి 12,000 రూపాయలు. పైన ఉన్న 27,000 మీద సుమారు 36 శాతం చొప్పున తొమ్మిదిన్నర వేలు దాటింది. కట్టి రసీదు తీసుకున్నాను. అక్క వస్తువుకు ఎక్కడా మచ్చ ఉండకూడదనుకున్నాను.

ఇంట్లో నేల మీద కూర్చుని మొదలుపెట్టాం. మొదటి గంటంతా తడబాటే. నేను చెప్పేది ఆపి, ఫోను చెప్పేది వినమన్నాను. రెండో గంటకు అక్క వేలు తెర మీద వరుసలను గుర్తుపట్టసాగింది. ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి, విని, తట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో "తమ్ముడూ" అని నాకు సందేశం పంపింది. దానికి నాలుగు నిమిషాలు పట్టింది. నా పాత ఫోనులో ఆ సందేశం ఇప్పటికీ ఉంది.

స్క్రీన్ కర్టెన్ సంగతి చెబితే, "తెర ఆరిపోతే నాకేమిటి?" అంది. రెండు రోజుల తర్వాత తనే ఫోను చేసింది. అన్నేళ్ళూ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు తన సందేశాలు చదువుతున్నారేమోనని అనుమానంగా ఉండేదట. ఇప్పుడు తెర ఆర్పి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చదువుకుంటోందట.

ఆదివారాలు ఆమె బ్యాంకు స్నేహితులు ఇద్దరు, చూపు లేనివాళ్ళే, ఆ ఫోనును తాకి చూడడానికి పెరంబూరు రావడం మొదలుపెట్టారు. 2010 మార్చిలో 3జీఎస్ ఇక్కడి దుకాణాలకు వచ్చింది. ఆ స్నేహితుల్లో ఒకామె వెంటనే కొనుక్కుంది. ఆ సాయంత్రం అక్క తన ఫోనులోంచి ఆమెకు చెబుతోంది, "ముందు ఒక్క వేలే పెట్టు, తొందరపడకు, అది చెప్పేది విను."