కారు నిండా రికార్డులు

1972లో లండన్‌లో క్రిస్ బ్లాక్‌వెల్ అనే ఆయన ముగ్గురు జమైకా కుర్రాళ్లకి 4,000 పౌండ్లు ఇచ్చి, ఇంటికెళ్లి ఆల్బమ్ చేయండి అన్నాడు. ఆ డబ్బు మీద ఇక ఆశ వదులుకో అన్నారు తెలిసినవాళ్లంతా. ఆ ముగ్గురూ మొండివాళ్లని అప్పటికే పేరు. టూర్ పని మీద వచ్చి, చేతిలో పైసా లేక లండన్‌లో ఇరుక్కుపోయి బ్లాక్‌వెల్ పాటల కంపెనీ ఐలాండ్ రికార్డ్స్ ఆఫీసు మెట్లెక్కారు. వాళ్లే రెగే పాటల బృందం వెయిలర్స్: బాబ్ మార్లే, పీటర్ టాష్, బన్నీ వెయిలర్.

నేను నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒక చిన్న బ్యాండ్ పనులు చూస్తున్నాను. షోలు మాట్లాడటం, అడ్వాన్సులు రాబట్టడం, సౌండ్ వాళ్లకి ఫోన్లు చేయడం, అన్నీ నావే. అందుకే బ్లాక్‌వెల్ గురించి ఏది దొరికినా వదలకుండా చదువుతాను. ఈ 4,000 పౌండ్ల కథ చాలామంది చెప్తారు కానీ, నాకు మాత్రం దానికి ముందు గడిచిన పదమూడేళ్లే ముఖ్యం అనిపిస్తుంది.

ఆయన 1937లో లండన్‌లో పుట్టాడు, పెరిగింది జమైకాలో, బాగా డబ్బున్న ఇంట్లో. ఇరవయ్యేళ్లు దాటీ దాటని వయసులో ఒకసారి పడవ ఇరుక్కుపోయి, ఎండలో తీరం వెంట నడిచి నడిచి సొమ్మసిల్లే స్థితిలో ఉంటే రాస్తా జాలర్లు, అంటే జమైకాలో పుట్టిన రాస్తాఫరీ మతం పాటించేవాళ్లు, చేరదీసి నీళ్లిచ్చారు. ఆ రోజుల్లో జమైకాలో పెద్దింటివాళ్లకి రాస్తాలంటే భయం, జడలు కట్టిన జుట్టు కనిపిస్తే పక్కకి తప్పుకునేవాళ్లు. ఈయనకి ఆ భయం ఆ రోజే పోయింది. ఆ రోజుల్లోనే జూక్‌బాక్సులు, అంటే నాణెం వేస్తే కోరిన పాట మోగించే పెట్టెలు, నడిపాడు. ఊరూరా తిరిగి వాటిలో రికార్డులు మారుస్తూ, ఏ పాట పడితే జనం లేచి ఆడతారో, ఏది పడితే ఎవరి గోలలో వాళ్లుంటారో కళ్లారా చూశాడు. మా పనికి ఇంతకంటే మంచి శిక్షణ ఉంటుందని నేననుకోను.

1959లో జమైకాలో ఐలాండ్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. 1962లో లండన్ వచ్చాక తన మినీ కారులో రికార్డులు పేర్చుకుని, జమైకా నుంచి వలస వచ్చినవాళ్లుండే పేటల్లో షాపు షాపుకీ స్వయంగా తిరిగి అమ్మేవాడు. లేబుల్ (రికార్డులు తెచ్చే కంపెనీ) ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఏ షాపులో ఏ పాట అడుగుతున్నారో మధ్యలో ఎవరూ చెప్పక్కర్లేదు, కౌంటర్ దగ్గర నిలబడితే వినిపిస్తుంది కదా.

అప్పుడొచ్చింది మిల్లీ స్మాల్. టీనేజ్ అమ్మాయి, సన్నగా కీచుమనే గొంతు. ఆ గొంతు నచ్చి లండన్ తీసుకొచ్చి, మేనేజరూ సంరక్షకుడూ తానే అయ్యాడు. 1964లో ఆమె పాడిన మై బాయ్ లాలీపాప్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానం దాకా వెళ్లింది. అయితే ఆ పాట ఐలాండ్ మీద రాలేదు. పెద్ద కంపెనీ అయిన ఫిలిప్స్ వాళ్ల ఫోంటానా లేబుల్‌కి ఇచ్చాడు. ఎందుకంటే చిన్న లేబుల్‌కి పెద్ద హిట్ ప్రాణం మీదికి తెస్తుంది! లక్షల కాపీలు తయారు చేయించాలంటే ఫ్యాక్టరీకి ముందే డబ్బు కట్టాలి, షాపుల నుంచి వసూలయ్యేది నెలల తర్వాత, ఈలోపు కంపెనీ మునుగుతుంది. అంత పెద్ద హిట్ చేతిలో ఉండగా దాన్ని తన లేబుల్ మీద వేసుకోకుండా ఆగడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి.

ఆయన చెప్పిన ఒక సంగతి నా మనసులో నుంచి పోదు. హిట్ అయ్యాక మిల్లీని జమైకాలో వాళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. తల్లి బయటికొచ్చి, కన్నకూతురికి ఎవరో గొప్పింటి మనిషికి వంగినట్టు వంగి నమస్కారం పెట్టిందట. ఆయన అక్కడే కదిలిపోయాడు. ఈ పిల్లకి ఇల్లు లేకుండా చేశానా అనిపించి ఉంటుంది అని నేననుకుంటాను. ఒక్క పాటతో ఎగరేసే పని ఇక వద్దు, చాలాకాలం నిలబడేవాళ్లతోనే పని చేయాలి అని అప్పటినుంచి అటు తిరిగాడు. స్టీవ్ విన్‌వుడ్ ఉన్న స్పెన్సర్ డేవిస్ గ్రూప్ అనే బ్యాండ్‌ని బర్మింగ్‌హామ్‌లో చూసి మేనేజ్ చేశాడు, ఆ తర్వాత ట్రాఫిక్, నిక్ డ్రేక్, క్యాట్ స్టీవెన్స్.

ఇన్ని చూసొచ్చిన మనిషి దగ్గరికి ఆ ముగ్గురు వచ్చారు. ఇచ్చిన డబ్బు ఏమైందో చూద్దామని తర్వాత కింగ్‌స్టన్ వెళితే, చేసిన పాటలు వినిపించారు. ప్రతి పైసా ఆ టేపుల్లోనే ఉందని విన్న వెంటనే అర్థమైంది ఆయనకి. లండన్‌లో ఆ టేపుల మీద వేన్ పెర్కిన్స్ గిటార్, రాబిట్ బండ్రిక్ కీబోర్డులు చేర్చి, విడివిడి పాటల గుత్తిలా కాకుండా రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లా 1973లో క్యాచ్ ఎ ఫైర్ బయటికి తెచ్చాడు. మొదటి 20,000 కాపీల కవర్ పెద్ద జిప్పో సిగరెట్ లైటర్ ఆకారంలో ఉండేది. పైమూత నిజంగానే తెరుచుకుంటుంది, లోపల మంట బొమ్మ. మూతకి రివెట్లు చేత్తో బిగించాల్సి రావడంతో ఆ తర్వాత మామూలు కవర్‌కి మారారు.

రాక్ కలిపి పాట చెడగొట్టాడనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను, వింటే పాట ఎక్కడా తప్పిపోలేదు. కానీ ఏడాది రెండేళ్లలోనే టాష్, బన్నీ విడిపోయారు. టాష్ అయితే బ్లాక్‌వెల్ పేరు తిరగేసి వైట్‌వర్స్ట్ అని పిలిచేవాడు. ఆ కోపం ఊరికే రాలేదు. ముగ్గురి గుంపులో మార్లే ఒక్కడి పేరు ముందుకి తెస్తే మిగతా ఇద్దరికి మండదా? ఆ నొప్పికి ఆయన బాధ్యత ఉంది, అభిమానినైనా అది దాచను.

డబ్బు విషయంలో కూడా ఒక దెబ్బ తిన్నాడు. ఐలాండ్ 1980లో యూ2 అనే ఐర్లాండ్ రాక్ బ్యాండ్‌ని తీసుకుంది. ఎనభైల మధ్యలో కంపెనీ దగ్గర నగదు లేక ఆ బ్యాండ్‌కి రాయల్టీలు, అంటే పాటల అమ్మకాల్లో రావాల్సిన డబ్బు, ఇవ్వలేకపోయింది. బదులుగా కంపెనీలో దాదాపు 10 శాతం వాటా ఇచ్చారు. 1989లో పాలీగ్రామ్ అనే పెద్ద సంగీత కంపెనీకి సుమారు 300 మిలియన్ డాలర్లకి అమ్మినప్పుడు ఆ వాటాకి విలువ వచ్చింది. అప్పు ఉన్నవాడు మొహం చాటేయకుండా కూర్చుని మాట్లాడితే దారి ఎలా దొరుకుతుందో నాకు ఇక్కడ కనిపించింది.

మా దగ్గర పోయినేడాది ఒక ఈవెంట్ వాళ్లు మిగతా సగం డబ్బు మూడు నెలలు తిప్పారు. మా డ్రమ్మర్ నన్ను అడగడం మానేశాడు, ఆ మౌనం నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. అప్పటినుంచి ప్రతి షో అయిన రాత్రే, ఇంటికి చేరేలోపు, ఎంత వచ్చింది, ఎంత బాకీ, ఎవరికెంత అని వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. నిన్న రాత్రిది ఒంటిగంటకి పెట్టాను, డ్రమ్మర్ వెంటనే చూసి తన వాటాలో ఆటో ఖర్చు కలపలేదని గుర్తుచేశాడు.