ఒక ఇన్‌ఫీల్డర్ ట్యాక్స్ రిటర్న్: నా అనుభవం

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా ఉత్తర శివార్లలో నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌గా, అంటే ఫెడరల్ ప్రభుత్వ లైసెన్సు ఉన్న పన్ను నిపుణుడిగా పని చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. భార్యాభర్తలిద్దరి డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, అందులోంచి కోసిన పన్ను చూపే పత్రాలు), కంపెనీ ఇచ్చిన షేర్లు, హైదరాబాదులో అద్దెకిచ్చిన ఫ్లాటు, ఎన్‌ఆర్‌వో ఖాతా (ప్రవాసులకు ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) వడ్డీ మీద కోసిన టీడీఎస్, ఇవే నాకు రోజూ తగిలే లెక్కలు. అటువంటిది, 2023 సంవత్సరానికి నేను దాఖలు చేసిన రిటర్నులన్నింటిలోకీ ఎక్కువ సమయం తీసుకున్నది ఒక బేస్‌బాల్ ఆటగాడిది. ఆయన పేరు గానీ, ఆయన ఆడిన జట్ల పేర్లు గానీ చెప్పడం వృత్తిధర్మం కాదు కనుక వాటిని వదిలేసి, ఆ పని ఎలా సాగిందో మాత్రం రాస్తున్నాను.

ఆయన శీతాకాలంలో మా ఊళ్లోని ఒక ఇండోర్ ప్రాక్టీసు కేంద్రంలో పిల్లలకు గంటల లెక్కన పాఠాలు చెబుతారు. నేల మీద దూసుకొచ్చే బంతిని ఒంగి అందుకుని అదే ఊపులో ఫస్ట్ బేస్‌కి విసరడం మా అబ్బాయి ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి వెళ్లినప్పుడు, నేను చేసే పని ఏమిటో వాడి ద్వారా తెలుసుకున్న ఆ కోచ్, తన కాగితాలు కూడా చూడగలరా అని అడిగారు. చూస్తానన్నాను. మూడు క్లబ్బుల డబ్ల్యూ-2లు, ఒక్కొక్కదానికి వెనక రాష్ట్రాల వారీగా అనుబంధ పుటలు, మెక్సికో శీతాకాల లీగు చెల్లింపు పత్రం, పాఠాలకు ప్రాక్టీసు కేంద్రం ఇచ్చిన 1099 (ఉద్యోగి కానివారికి ఇచ్చే చెల్లింపు పత్రం), చేతి తొడుగులకూ బ్యాట్లకూ కట్టిన బిల్లులు, అన్నీ ఒక జిప్ కవరులో పెట్టి ఇచ్చారు.

లెక్క మొదలుపెట్టే ముందు ఆయన ఉద్యోగం ఏమిటో నాకు అర్థం కావాల్సి వచ్చింది. సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్ మూడు స్థానాల్లోనూ నిలబడగలిగి, బ్యాటింగులో మాత్రం అంతంతమాత్రంగా ఉండే ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర కాపు కాసే ఆటగాడు) ప్రతి సంస్థకూ, అంటే ఒక మేజర్ లీగ్ జట్టూ దాని కింది మైనర్ లీగ్ జట్లూ కలిసిన క్లబ్బుకూ, అవసరమే, కానీ ఏ సంస్థకూ శాశ్వతంగా అక్కర్లేదు. పై జట్టులో ఎవరికో మోకాలు పట్టేసి గాయాల జాబితాలోకి వెళితే, రాత్రికి రాత్రి ట్రిపుల్-ఏ (మేజర్ లీగుకు ఒక్క మెట్టు కింది మైనర్ లీగ్ స్థాయి) నుంచి ఇతన్ని పిలుస్తారు. అతను కోలుకోగానే ఇతను ఖాళీ చేయాలి. ఇలాంటి బతుకుల్లో అందరికంటే దూరం వెళ్లినవారిలో టాడ్ జీల్ ఒకరు. ఆయన 11 మేజర్ లీగ్ జట్లకు హోమ్ రన్లు కొట్టారు. మరో కొసన మైక్ హెస్మన్ ఉన్నారు. మైనర్ లీగుల్లో 433 హోమ్ రన్లు కొట్టి 2015లో రికార్డు సాధించిన ఆయనకు మేజర్ లీగుల్లో దక్కినవి 109 ఆటలే. మా అబ్బాయి కోచ్ ఈ ఇద్దరిలో ఎవరికీ దగ్గర కాదు గానీ, హెస్మన్ వైపే ఉంటారు.

ఆ ఏడాది ఆయన దారి ఇలా నడిచింది. అరిజోనాలో వసంతకాల శిక్షణ, మైనర్ లీగ్ కాంట్రాక్టు మీద పశ్చిమ రాష్ట్రాల ట్రిపుల్-ఏ లీగులో రెండు నెలలకు పైగా ఆట, ఆ తరువాత పిలుపు. రెండు వారాలు నిండకుండానే క్లబ్బు ఆయన్ని 40 మంది జాబితా (క్లబ్బు ప్రధాన ఆటగాళ్ల పట్టీ) నుంచి తప్పించింది. అలా తప్పించినప్పుడు క్లబ్బు ఏడు రోజుల లోపల ఆటగాణ్ణి వేరే జట్టుకు పంపడమో, వేవర్స్‌లో (మిగతా క్లబ్బులు కావాలంటే తీసుకునేలా) పెట్టడమో, విడుదల చేయడమో తేల్చాలి. ఈయన్ని వేవర్స్‌లో ఇంకో క్లబ్బు తీసుకుంది, కొన్ని వారాలకే అదీ వదిలేసింది. ఈసారి ఎవరూ తీసుకోకపోవడంతో, ఎవరితోనైనా చేరే స్వేచ్ఛ తీసుకుని, మూడో సంస్థతో సంతకం చేసి, తూర్పు వైపు ట్రిపుల్-ఏలో సీజను ముగించారు.

ఇక జీతం. 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000 డాలర్లు. అది పేపర్లో చదివినవారు ఈ మనిషికి ఏం కొదవ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆ జీతాన్ని రోజుల మీద ఇస్తారు. ఆ సీజను 186 రోజులు కనుక, పై జట్టులో ఉన్న ఒక్కో రోజుకు సుమారు 3,870 డాలర్లు వస్తాయి. ఆటగాళ్ల సంఘం 2023లో మైనర్ లీగుల కోసం కుదుర్చుకున్న తొలి ఒప్పందంలో ట్రిపుల్-ఏ ఏడాది కనీసం 35,800 డాలర్లు. అంటే పైన తొమ్మిది రోజులు దాటి పదో రోజు ఉంటే కింద ఏడాది పొడుగునా కనీస జీతంతో ఆడిన దానికి సమానం. అనుభవమున్నవారు కనీసానికి మించి బేరమాడతారు, ఈయనా ఆడారు. అయినా ఆయన ఆదాయంలో పెద్ద ముక్క ఆ కొద్ది రోజులదే. అందుకే ఏ రోజు ఎక్కడ ఉన్నారన్నది నాకు అంత ముఖ్యమైంది.

ఆటగాళ్ల నుంచి రాష్ట్రాలు వసూలు చేసే పన్నును ఇక్కడ జాక్ ట్యాక్స్ అంటారు. 1991 బాస్కెట్‌బాల్ ఫైనల్స్‌లో లాస్ ఏంజెలెస్ జట్టును ఓడించిన షికాగో ఆటగాళ్లను కాలిఫోర్నియా పన్ను కట్టమందనీ, దానికి ప్రతిగా ఇలినాయి తానూ చట్టం చేసిందనీ ఈ రంగంలో అందరూ చెప్పుకునే కథ. పని మీద నాలుగు రోజులు వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చిన మన ఐటీ కన్సల్టెంటుకు చాలా రాష్ట్రాలు మినహాయింపు ఇస్తాయి గానీ, అవే చట్టాల్లో వృత్తి ఆటగాళ్లను సాధారణంగా ఆ మినహాయింపు నుంచి తీసేస్తారు. పన్నును విధి నిర్వహణ రోజుల నిష్పత్తిలో వేస్తారు: వసంతకాల శిక్షణ మొదటి రోజు నుంచి చివరి ఆట దాకా ఉన్న మొత్తం రోజుల్లో ఆ రాష్ట్రంలో పని చేసినవి ఎన్ని అని. క్లీవ్‌లాండ్ నగరం రోజులకు బదులు ఆటల్ని లెక్కగట్టి పన్ను వేస్తే, ఇద్దరు ఫుట్‌బాల్ ఆటగాళ్లు పోరాడి 2015లో ఒహాయో సుప్రీంకోర్టులో ఆ పద్ధతిని కొట్టేయించారు.

క్యాలెండరు నింపడానికి ఆయన ఫోనులోని ప్రయాణాల చరిత్ర, విమాన టిక్కెట్లు, ఆటల స్కోరు పట్టికలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ట్రిపుల్-ఏలో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ఊళ్లో ఆరు ఆటలు, సోమవారం సెలవు కావడం మా అదృష్టం. శాక్రమెంటోలో ఒక వారం, సాల్ట్ లేక్‌లో ఒక వారం, ఆల్బకర్కీలో ఒక వారం అని గళ్లు త్వరగా నిండాయి. రీనో (నెవాడా), టకోమా (వాషింగ్టన్), ఎల్ పాసో (టెక్సస్) వెళ్లిన వారాలకు ఆ రాష్ట్రాల్లో జీతం మీద పన్నే లేదు. చిక్కంతా ప్రయాణాల దగ్గరే వచ్చింది. ఒక సోమవారం గడిని చూపించి ఎక్కడున్నారని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "బస్సులో ఉన్నాను" అన్నారు. ఆట గానీ ప్రాక్టీసు గానీ లేని ప్రయాణపు రోజును ఏ రాష్ట్రానికీ కట్టకుండా మొత్తం లెక్కలో మాత్రం చేర్చాను.

జాబితా నుంచి తప్పించాక ఏ సంగతీ తేలని ఆ రోజుల్ని ఎవరికి రాయాలన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఆ రోజులకు మేజర్ లీగ్ జీతం వస్తూనే ఉంటుంది, కానీ జట్టుతో ఉండరు, ఆడరు, సాధన కూడా సొంతంగానే. ఆయన సంచి సర్దుకుని జార్జియాలో అమ్మానాన్నల ఇంటికి వచ్చేశారు. గాయపడి జట్టుకు దూరంగా ఉన్న ఆటగాడి రోజులు మొత్తంలో చేరతాయి గానీ జట్టున్న రాష్ట్రానికి చెందవన్నది కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల నియమం. నేను అదే న్యాయాన్ని వీటికీ వర్తింపజేసి జార్జియాకు రాశాను. క్లబ్బు జీతాల విభాగం మాత్రం వాటిని తమ రాష్ట్రానికే కట్టేసి ఉంది.

అదొక్కటే కాదు, మైనర్ కాంట్రాక్టు జీతాన్నీ మేజర్ కాంట్రాక్టు జీతాన్నీ కలిపేసి రాష్ట్రాలకు పంచింది కూడా. మూడు రోజులు కాలిఫోర్నియాలో మేజర్ లీగ్ ఆటలు ఆడిన మనిషికి అలా చేస్తే ఆ రాష్ట్రపు వాటా తగ్గిపోతుంది. రెండూ వేర్వేరు కాంట్రాక్టులు కనుక నేను విడదీసి, కారణం వివరిస్తూ ఒక పుట జతచేశాను. కాలిఫోర్నియాకు కొంచెం ఎక్కువ వెళ్లినా, వేరే రాష్ట్రాలకు కట్టినదానికి జార్జియా క్రెడిట్ ఇస్తుంది కనుక మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. సవరించిన డబ్ల్యూ-2 కోసం ఆ క్లబ్బుకు రాసి, ఏప్రిల్ గడువు దగ్గర పడటంతో ఫారం 4868తో అక్టోబరు 15 దాకా పొడిగింపు తీసుకుని, కట్టాల్సిన డబ్బు మాత్రం అంచనా వేసి ముందే కట్టించాను. పొడిగింపు కాగితాలు దాఖలు చేయడానికే గానీ డబ్బు కట్టడానికి కాదన్న సంగతి మా తెలుగు క్లయింట్లకు చెప్పినట్టే ఈయనకూ చెప్పవలసి వచ్చింది.

మెక్సికో భాగం నాకు కొట్టిన పిండి. అక్కడ కోసిన పన్నుకు ఫారం 1116 (విదేశీ పన్నుకు క్రెడిట్ అడిగేది), ఎన్‌ఆర్‌వో వడ్డీకి మనం వేసేదే. నిరాశపరచినవి బిల్లులు. ఏజెంటు కమీషన్, బ్యాట్లు, షార్ట్‌స్టాప్‌కి ఒక తొడుగు, థర్డ్ బేస్‌కి అంతకంటే పెద్దది, ఇవన్నీ ఉద్యోగి ఖర్చులు. 2018 నుంచి అమలైన చట్టంతో వీటికి ఫెడరల్ తగ్గింపు పోయింది. పిల్లల పాఠాలు సొంత వ్యాపారం కిందికి వస్తాయి కనుక, ఆ పాఠాలకే కొన్న బంతులు, వల, కారు మైళ్లు మాత్రం షెడ్యూల్ సిలో పెట్టగలిగాను.

సవరించిన డబ్ల్యూ-2 వేసవి చివరలో వచ్చింది. రిటర్నులు వెళ్లాక ఒక రాష్ట్రం జీతం మొత్తం సరిపోలలేదని నోటీసు పంపితే, క్యాలెండరు నకలు జతచేసి జవాబిచ్చాను, వారు ఒప్పుకున్నారు. ఆ క్యాలెండరును ఆయన కూడా ఒక కాపీ అడిగి తీసుకున్నారు. మేజర్ లీగ్ పింఛనుకు కెరీర్ మొత్తంలో 43 రోజుల సర్వీసు ఉండాలి. నేను జార్జియాకు రాసిన ఆ ఇంటి రోజులు కూడా అందులో కలుస్తాయి. అన్నీ కూడినా ఆయనకింకా కొన్ని తక్కువే ఉన్నాయి. అప్పటికే ఆయన నాలుగో సంస్థకు ఆడుతున్నారు. ఆ సంస్థ వసంతకాల శిక్షణ ఫ్లోరిడాలో. అక్కడ ఆదాయపన్ను లేదు, అయినా ఆ రోజులన్నీ హారంలో చేరతాయి కనుక, ప్రతి రాత్రీ తేదీ పక్కన ఊరి పేరు రాసిపెట్టుకోమని చెప్పాను.