గాజులు జారిపోయాక

ఎముక ఏ రోజు విరిగిందో చెప్పగలను. 2024 ఆగస్టు 15, గురువారం, పొద్దున్న ఏడు దాటింది. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. నందివర్ధనం పూలు కోద్దామని పెరట్లోకి వెళ్ళాను. నాలుగు రోజుల ముసురుకి నూతి చప్టా నిండా పాచి. వీధిలో బడిపిల్లలు జెండాలు పట్టుకుని జైహింద్ అంటూ పోతున్నారు. ఆ సందట్లో నా కేక కోడలికి వినపడలేదు. కండ ఏ రోజు పోయిందో మాత్రం నాకూ తెలీదు, మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

నాకప్పుడు 71. ముప్ఫై మూడేళ్ళు జిల్లా పరిషత్ బళ్ళో నిలబడి పాఠం చెప్పినదాన్ని. ముమ్మిడివరం దగ్గర పల్లె మాది. 108లో ఎక్కించి కాకినాడ తీసుకుపోయారు. ఎదుర్లంక వంతెన మీద అతుకు తగిలినప్పుడల్లా కళ్ళు బైర్లు కమ్మాయి. తుంటి కింద తొడ ఎముక రెండు ముక్కలైందన్నారు. మర్నాడే ఆపరేషన్ చేసి, లోపల రాడ్డు దింపి మరలు బిగించారు. ఇలాంటి దెబ్బకి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలిట, ఆలస్యమైనకొద్దీ పెద్దవాళ్ళకి గండం. ఆ డాక్టరుగారు పండగని చూడకుండా చేశారు. ఆయనకి దణ్ణం. కింద ఏం రాసినా ఆ దణ్ణం వెనక్కి తీసుకోను.

ఆపరేషన్ అయిన రెండో రాత్రి గురించి రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

అర్ధరాత్రి ఏసీ హోరు నా చెవిలో గాలి హోరైపోయింది. 1996 నవంబరు 6, కోనసీమ తుఫాను. ఆ రాత్రి మా పెంకుటింటి కప్పు లేచిపోతుంటే ఇద్దరు పిల్లల్నీ మంచం కిందకి లాక్కుని పడుకున్నాను. తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి ఫెళ్ళుమని విరిగిపడ్డాయి. ఆసుపత్రి మంచం మీద మళ్ళీ అదే రాత్రి. గోడలు ఊగుతున్నాయి, నీళ్ళొచ్చేస్తున్నాయి, పిల్లలు కనపడటం లేదు. చేతికున్న సెలైన్ సూది పీకేశాను. మంచం దిగబోయాను. నలుగురొచ్చి పట్టుకుని, నా రెండు చేతులూ గుడ్డతో మంచం కడ్డీలకి కట్టేశారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నా తల దగ్గరే నిలబడి కోడలితో అన్నాడు: "మతి పోయిందండి. ఈ వయసులో ఇంక ఇంతే. ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి." నాకు వినపడింది. గాలి హోరులో కూడా ఆ మాట స్పష్టంగా వినపడింది. పిచ్చిదాన్ని అయిపోయానని తెల్లవార్లూ నమ్మాను.

తరవాత తెలిసింది, పెద్దవాళ్ళకి ఇలాంటి ఆపరేషన్లయ్యాక చాలామందికి ఇలా అవుతుందిట. దానికి డెలీరియం అని పేరు కూడా ఉంది. మతి పోవడం వేరు, ఇది వేరు. ఎక్కువమందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కళ్ళద్దాలు పెట్టి, దీపం వెలిగించి, తెలిసిన మనిషి పక్కన కూర్చుని మాట్లాడితే మేలు. నా కళ్ళద్దాలు ఆ రాత్రి మా కోడలి సంచిలో ఉన్నాయి.

మూడింటికి ఆయా వచ్చింది. పేరు అడగలేదు, నా తప్పే. చేతి కట్లు వదులు చేసి, "మామ్మగారూ, ఏటయ్యిందండి?" అంది. గాలి అన్నాను. కాదనలేదు. కిటికీ దాకా వెళ్ళి, తెరిచి బయటికి చూసి వచ్చి, "గాలి తగ్గిపోయిందండి. ఆయ్, నేను చూసొచ్చేను. పిల్లలు పడుకున్నారు," అంది. తనది తాళ్ళరేవు వైపుట, వాళ్ళ నాన్న సముద్రంలో చేపల వేటకెళ్ళి ఆ గాలిలోనే తిరిగి రాలేదుట. తెల్లారేదాకా నా అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంత చదువుకున్న వాళ్ళలో ఒక్కరికీ తోచనిది ఆవిడకి ఎలా తోచిందో!

ఇంటికొచ్చాం. వాకర్ పట్టుకుని రోజూ నడిపించమని కాగితం మీద ఇంగ్లీషులో ఉంది, డిశ్చార్జి హడావిడిలో నోటితో కూడా చెప్పారుట. కానీ పాలకొల్లు నుంచి మా పెద్దాడపడుచు వచ్చేశారు. అప్పటికి ఆవిడకి 77. నలభై రోజులు నన్ను పసిపిల్లని చూసినట్టు చూశారు. ఒళ్ళు తుడిచారు, తల దువ్వారు, రాత్రి మూలిగితే ముందు ఆవిడే లేచారు. "కాలు కింద పెట్టకమ్మాయ్, రాడ్డు జారిపోద్ది," అని మంచం దిగనివ్వలేదు. ఇంక పథ్యం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, చేప దురద, పెరుగు నెమ్ము. నలభై రోజులూ వేడన్నం, నెయ్యి, కారప్పొడి, మిరియాల చారు, ఎప్పుడైనా లేత బీరకాయ. ప్రేమగా కలిపి ముద్దలు పెట్టారు. ఆ ప్రేమ మీద నాకింకా కోపం పోలేదు. వదినగారి మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాదు, తెచ్చుకోకుండా ఉండటమూ కావటం లేదు.

ఆరు వారాలకి ఎక్స్‌రే తీశారు. "భేష్, ఎముక బాగా అతుకుతోంది," అన్నారు డాక్టరుగారు. కాళ్ళలో సత్తువ లేదండీ, నిలబడితే వణుకుతున్నాయి అన్నాను. ఆయన ఫిల్ము చూస్తూనే, "ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలమ్మా, కూర్చుని రామా కృష్ణా అనుకోండి," అన్నారు. ఎక్స్‌రేలో ఎముకే కనపడుతుంది. ఆ ఎముకని మోసేదాని వంక ఆయన చూడలేదు.

చూడాల్సినవాళ్ళం మేమూ చూడలేదు. దసరా రోజుల్లో ఒకనాడు చెయ్యి మంచం అంచు మీంచి వేలాడేస్తే నా బంగారు గాజులు రెండూ జారి గచ్చు మీద పడ్డాయి. సబ్బు రాస్తే గాని రాని గాజులు! అప్పుడు చీర పైకి లాగి కాళ్ళు చూసుకున్నాను. విరిగిన కాలే కాదు, రెండో కాలు కూడా పుల్లలా ఉంది. తొడ మీద చర్మం ఖాళీ సంచిలా మడతపడింది. 54 కిలోలుండేదాన్ని 47కి వచ్చాను. చిక్కానని చుట్టాలు జాలిపడ్డారు గానీ, ఆ చిక్కిందేమిటో ఎవరూ అనలేదు.

అమలాపురం నుంచి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి అంది. మా కోడలు ఎవరో చెబితే పిలిపించింది. ఆ అమ్మాయి ఇంట్లో ఉన్న టైలరు టేపు తీసుకుని నా పిక్క కొలిచింది: 27 సెంటీమీటర్లు. ఆసియా దేశాల డాక్టర్లు పెట్టుకున్న లెక్కలో ఆడవాళ్ళకి 33కి తగ్గితే కండ కరిగిందేమోనని అనుమానించాలిట. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా అయిదుసార్లు లేవమంది, పన్నెండు సెకన్లలోపు లేవాలి. నేను ఒక్కసారీ లేవలేకపోయాను. సార్కోపీనియా అని పేరు చెప్పింది. వయసుతో కండ కరగడం. 1989లో రోసెన్‌బర్గ్ అనే అమెరికా డాక్టరు పెట్టిన పేరుట, గ్రీకులో కండ లేమి అని అర్థం. ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ కొద్దికొద్దిగా అందరికీ తగ్గుతుంది, అరవై దాటాక వేగం పెరుగుతుంది. దానికి తోడు ఎముక విరగడం, ఆపరేషన్, మంచం పట్టడం, తిండి తగ్గడం అన్నీ కలిస్తే కొన్నేళ్ళలో పోవాల్సింది వారాల్లో పోతుంది. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయిందిట. నేను నలభై రోజులు పడుకున్నాను.

"ఇంక రాదా అమ్మా?" అన్నాను. "ఎందుకు రాదండి?" అంది. 1990లో బోస్టన్‌లో తొంభయ్యేళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తిస్తే వాళ్ళ కాలి బలం రెండింతలు దాటిందని చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చాక 'రాదు' కాకుండా 'వస్తుంది' అన్న మొదటి మనిషి ఆ పిల్ల. నాకు ఏడుపొచ్చింది.

అమావాస్యకి అమావాస్యకీ మా మంచం పక్క సామాను మారిపోయింది. మా అబ్బాయి పాత చీర గుడ్డతో అరకిలో ఇసుక సంచులు కుట్టించాడు. అవి చీలమండకి కట్టుకుని కుర్చీలో కూర్చుని కాలు చాపడం, కిటికీ ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వారానికి మూడు రోజులు బరువులు, మిగతా రోజులు వాకర్‌తో అరుగు మీద నడక. ఒట్టి నడక చాలదు, కండకి బరువు తగలాలి. తిండి కూడా అంతే. నా బరువుకి రోజుకి 55 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు లోపలికి పోవాలంది. పొద్దున్న రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పు, చేప ముక్క, పెరుగు, రాత్రి పాలు, పెసరట్టు. ఒక్క పూటే తినేస్తే సరిపోదు, మూడు పూటలా పంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా ఇలా పెంచకూడదు. రక్తం పరీక్షలో డి విటమిన్ కూడా బాగా తక్కువొచ్చింది, దానికి మందు వాడాను. ఆపరేషన్ తర్వాత మొదటిసారి బొమ్మిడాయిల పులుసు నోట్లో పెట్టుకున్న రోజు, పథ్యం చెడిందని వదినగారు ఫోన్‌లో ఏడ్చారు. పుండు ఎప్పుడో మానిపోయింది వదినగారూ అన్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తుంటి విరిగితే ఎక్స్‌రేతో సరిపెట్టకండి. డాక్టరుగారిని అడగండి: ఏ రోజు నిలబెట్టమంటారు, ఏం తినిపించమంటారు, ఎవరు కసరత్తు చేయిస్తారు? గట్టిగా అడగండి. మాకు అడగాలని తెలీలేదు.

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణాలు చేయిస్తానని మా కోడలు మొక్కుకుంది. మొదటి శనివారం ఒక్క చుట్టు తిరిగి కూర్చుండిపోయాను, మిగతా ఆరూ తనే తిరిగింది. చివరి శనివారం ఏడూ నేనే తిరిగాను, చేతికర్ర ఉంది. స్వామి దయ, ఇసుక సంచుల దయ, రెండూ నాకు ఒకటే. పిక్క ఇప్పుడు 30 సెంటీమీటర్లు. 33 ఇంకా రాలేదు. గాజులు మళ్ళీ చేతికి నిలుస్తున్నాయి.

మొన్న వదినగారు ఫోన్ చేసి, మెట్లెక్కుతుంటే మోకాళ్ళు తేలిపోతున్నాయన్నారు. ఫోన్ వాళ్ళ కోడలికిచ్చి స్పీకర్ పెట్టించమన్నాను. కుర్చీ గోడకి ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేవమన్నాను. "ఇప్పుడెందుకమ్మాయ్," అంటూనే లేచారు. పక్కన ఆ కోడలు లెక్కపెడుతోంది. మూడు దగ్గర ఆయాసపడ్డారు. కూర్చోండి, చాలు, రేపు మళ్ళీ ఇదే వేళకి ఫోన్ చేస్తాను అన్నాను. "మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని అడిగాను.

"చారు," అన్నారు.