ఆ పిచ్చి మొక్కల్ని కాస్త వదిలేయండి

వైల్డ్‌లైఫ్ అనగానే మనవాళ్ళకి జీపు, సఫారీ, మెడలో ఇంత పొడుగు కెమెరా ఇవే గుర్తొస్తాయి. సిటీలో ఏముంటాయి, కాకులూ పావురాలే కదా అంటారు. ఆ మాట వింటే నాకు కాస్త చిరాకు, ఎందుకంటే ఆ పావురమే ఏమంత తక్కువది కాదు. దాని పూర్వీకులు సముద్రం ఒడ్డునా కొండల్లోనూ రాతి అంచుల మీద గూడు పెట్టుకునేవి, మన బిల్డింగుల సన్‌షేడ్లూ ఏసీ డబ్బాల వెనకున్న సందులూ దానికి అచ్చం ఆ కొండ అంచుల్లాగే ఉన్నాయి, వచ్చి సెటిలైపోయింది. దాని వెనకాలే దాన్ని వేటాడే పెరిగ్రిన్ ఫాల్కన్ అనే డేగ కూడా వచ్చేసింది, న్యూయార్క్, లండన్ లాంటి సిటీల్లో టవర్ల మీదా బ్రిడ్జిల మీదా గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతోంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అయితే గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట ట్రాఫిక్ రొద ఎక్కువున్న చోట గొంతు పెంచి, అంటే ఇంకా కీచుగా పాడుతోందని 2003లోనే కనిపెట్టారు. బండ్ల మోత బొంగురు స్వరంలో ఉంటుంది కాబట్టి దాని కింద పాట మునిగిపోకుండా అన్నమాట.

సరే, ఇవన్నీ చూడాలంటే ఎక్కడికెళ్ళాలి అని అడుగుతారు. పార్కుకి అంటారేమో అనుకుంటారు, నేను మాత్రం పార్కు పక్కన గోడ కూలిపోయి, ఎవరూ పట్టించుకోని ఖాళీ ప్లాటుకి వెళ్ళమంటా. పార్కులో లాన్ ఉంటుంది, లాన్ అంటే ఒకటే రకం గడ్డి, వారం వారం కటింగ్, పువ్వు పూసే లోపే తల తీసేస్తారు, ఇంక అక్కడ పురుగేం తింటుంది, పురుగు లేకపోతే పిట్టేం తింటుంది. అదే ఖాళీ ప్లాటులో జిల్లేడు ఉంటుంది. దాని ఆకుల మీద నల్ల, తెల్ల, పసుపు చారలున్న గొంగళి పురుగు కనిపిస్తే అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల, జిల్లేడు పాలల్లోని విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షుల నోటికి పనికిరాకుండా చేసుకుంటుంది. ఆముదం చెట్టుంటే దాని మీద ఇంకో రకం. నిమ్మ మొక్క ఉంటే మరీ సరదా, ఆకు మీద పక్షి రెట్ట పడిందనుకుని దులిపేయబోతాం, అది కదులుతుంది! లైమ్ బటర్‌ఫ్లై పిల్ల చిన్నప్పుడు అలా రెట్ట వేషం వేసి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. (వయ్యారిభామ మాత్రం కనపడితే పీకేయండి, దాని మీద నాకే జాలీ లేదు, ఎలర్జీలు తెప్పించడమే కాదు పక్కన ఇంకే మొక్కనీ బతకనివ్వదు.)

చూడటానికి పెద్ద టెక్నిక్ ఏం లేదు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం, అంతే. రోజుకో కొత్త చోటు తిరిగేవాళ్ళ కంటే ఒకే గోడనీ ఒకే చెట్టునీ ఏడాది పొడుగునా చూసేవాళ్ళకే ఎక్కువ కనపడతాయి. పొద్దున్న ఎండ ఎక్కకముందు ఒకసారి, చీకటి పడ్డాక టార్చి పట్టుకుని ఒకసారి వెళ్ళండి, అదే చోటు పూర్తిగా వేరేలా ఉంటుంది, ముఖ్యంగా వాన పడి వెలిసిన రాత్రి. టార్చిని కంటి పక్కనే పెట్టుకుని గడ్డి మీదకి కొడితే సన్నగా మెరిసే చుక్కలు కనిపిస్తాయి, చాలా వరకు సాలీళ్ళ కళ్ళు అవి. చెప్పులు కాకుండా బూట్లేసుకోండి, పొదలో చెయ్యి పెట్టొద్దు, ఇది మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.

కాపాడటం దగ్గరికొస్తే నా అభిప్రాయం కొంచెం తేడా. అందరూ మొక్కలు నాటే ఫోటోలు పెడతారు, మంచిదే, కానీ సిటీలో ముందు కావాల్సింది కొత్తగా ఏదో చెయ్యడం కాదు, చేస్తున్న కొన్ని పనులు ఆపడం. ఎండుటాకులు ఊడ్చి తగలబెట్టడం అందులో మొదటిది. ఆ ఆకుల కిందే పురుగుల ప్యూపాలు, వానపాములు, కప్పలు ఉంటాయి, అది తగలబెట్టి తర్వాత పక్షులు రావట్లేదని నీళ్ళ గిన్నె పెడతాం. అందరూ నడిచే దారిలో ఊడ్చండి ఎవరొద్దన్నారు, చెట్టు మొదట్లో పడ్డవైనా అక్కడే ఉండనివ్వండి.

రెండోది లైట్లు. న్యూయార్క్‌లో ఏటా సెప్టెంబర్ 11న ఆకాశంలోకి రెండు పెద్ద కాంతి స్తంభాలు వేస్తారు కదా, వలస వెళ్ళే పక్షులు వాటిల్లో చిక్కుకుని గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, ఏడేళ్ళలో, అంటే ఏడు రాత్రుల్లో కలిపి దాదాపు 11 లక్షల పక్షుల మీద దాని ప్రభావం పడిందని 2017లో వచ్చిన స్టడీ లెక్క. ఇందులో నాకు నచ్చిన విషయం ఏంటంటే అక్కడ రాత్రంతా వాలంటీర్లు కూర్చుని పక్షుల్ని లెక్కపెడతారు, వెయ్యి దాటితే ఒక 20 నిమిషాలు లైట్లు ఆపేస్తారు, కాసేపట్లోనే పక్షులు వాటి దారిన అవి పోతాయి. ఇంత సింపుల్ పరిష్కారం ఉన్న పర్యావరణ సమస్య ఇంకోటి చూపించండి నాకు. మన అపార్ట్‌మెంట్ ఫ్లడ్ లైటు కూడా అంతే, కిందకి తిప్పి, తెల్లదాని బదులు పసుపు వెలుగు పెడితే పురుగులు చచ్చేది చాలా తగ్గుతుంది. మిణుగురులు వెలిగేది జోడీ కోసం, వాటి పక్కన ఫ్లడ్ లైటేస్తే ఒకదానికొకటి ఎలా కనపడతాయి.

అద్దాల సంగతి ఇంకా ఘోరం. ఒక్క అమెరికాలోనే ఏడాదికి 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల దాకా పక్షులు అద్దాలకి గుద్దుకుని చస్తున్నాయని 2014 అంచనా. ఆకాశహర్మ్యాలదే తప్పంతా అనుకుంటాం కానీ వాటి వాటా ఒక శాతం లోపే, మిగతాదంతా మామూలు ఇళ్ళూ పదకొండు అంతస్తుల దాకా ఉన్న బిల్డింగులే. గద్ద బొమ్మ స్టిక్కర్ ఒకటి మధ్యలో అంటిస్తే ఏం లాభం లేదు, పక్కనుంచి వచ్చి గుద్దుకుంటాయి. బయటి వైపు, అద్దం మొత్తం, 5 సెంటీమీటర్లకొకటి చొప్పున చుక్కలుండాలి.

ఎలకల మందు గురించి కూడా ఒక ముక్క. చాలా రకాల మందులు తిన్న ఎలక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది, గుడ్లగూబకి అంతకంటే ఈజీ వేట ఉండదు, ఆ విషం దాని ఒంట్లోకి వెళ్తుంది. అంటే ఎలకల్ని ఉచితంగా పట్టిపెట్టేదాన్నే మనం చంపుకుంటున్నాం.

రెక్కలొచ్చి సరిగ్గా ఎగరలేని పక్షి పిల్ల నేల మీద కనిపిస్తే ఇంటికి తెచ్చేయకండి, తల్లీ తండ్రీ దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంటాయి. పిల్లి తిరిగే చోటైతే పక్కన పొదలో పెట్టి దూరంగా వచ్చేయండి. ఇంకా ఈకలే రాని పిల్లయితే గూట్లో పెట్టేయొచ్చు, మనిషి వాసనొస్తే తల్లి దగ్గరికి రానివ్వదు అనేది ఉత్త మాట.

ఇక చూసినవి రాసి పెట్టుకోవడం. చూసిన ఏ జీవినైనా నమోదు చేసుకునే ఐనాచురలిస్ట్ 2008లో మొదలైంది, పక్షుల కోసమే ఉన్న ఈబర్డ్ 2002 నుంచి ఉంది, రెండూ ఫ్రీనే. పేరు తెలియకపోయినా ఐనాచురలిస్ట్‌లో ఫోటో పెడితే ఎవరో ఒకళ్ళు చెప్తారు. ఏ సిటీ ఎక్కువ జీవుల్ని నమోదు చేస్తుందో చూద్దామని 2016లో లాస్ ఏంజెలిస్, శాన్ ఫ్రాన్సిస్కో మధ్య సరదా పోటీగా మొదలైన సిటీ నేచర్ ఛాలెంజ్ ఇప్పుడు ప్రపంచమంతా ఏప్రిల్ చివర్లో జరుగుతోంది, మొదలుపెట్టడానికి అదో మంచి సాకు. ఈ రికార్డుల అసలు ఉపయోగం ఎప్పుడు తెలుస్తుందంటే, ఆ ఖాళీ ప్లాటునో కుంటనో పూడ్చేస్తామని ఎవరైనా వచ్చినప్పుడు. "అక్కడేముంది, చెత్త తప్ప" అన్నవాళ్ళకి తేదీలతో సహా లిస్టు చూపించడం వేరు, ప్రకృతి ప్రకృతి అని బతిమాలుకోవడం వేరు.

ఒక్కటే, అరుదైన పక్షి గూడు కనిపిస్తే లొకేషన్ బయటపెట్టకండి. ప్రమాదంలో ఉన్న జాతులైతే ఐనాచురలిస్టే వాటి చోటు కనపడకుండా చేస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ చెయ్యదు. గుడ్లగూబ గూడు ముందు సెల్ఫీ దిగి ట్యాగ్ కొట్టేవాళ్ళని నేనైతే వెంటనే అన్‌ఫాలో చేసేస్తా.